మిల్లీవోల్టుకు ఐదు గడులు

ఆడపడుచు ఆ అట్టముక్కను గోడకు అంటించి నెలరోజులైంది. ఈ నెలలో గీతలమ్మ దాన్ని ఒక్కసారి కూడా వాడుకోలేదు. కనీసం ఎవరైనా చూస్తుండగా వాడుకోలేదు.

ఇసిజి గది చిన్నది. ఒక మంచం, దాని పక్కన చక్రాల బల్లమీద యంత్రం, ఒక కుర్చీ, ఒక స్టూలు, మూలన చేతులు కడుక్కునే సింకు. కుర్చీలో కూర్చుని తలెత్తితే ఎదురుగా ఆ అట్టే. గుండ్రటి అక్షరాలతో మూడు వరసలు. పది చిన్న గడులు ఒక మిల్లీవోల్టు. ఒక గడి 0.1 మిల్లీవోల్టు. వెయ్యి మిల్లీవోల్టులు ఒక వోల్టు. చివర ఒక పువ్వు బొమ్మ. మూడో వరస ఎందుకో గీతలమ్మకు అర్థం కాలేదు. మనిషి గుండెలో వోల్టులేం వస్తాయి? తనకు తెలుసని చెప్పుకోడానికి కాకపోతే. పువ్వయితే మరీను.

పద్దెనిమిదేళ్ళుగా మనుషుల గుండెచప్పుళ్ళను కాగితంమీద గీతలుగా తీస్తోంది కాబట్టి ఆసుపత్రిలో అందరికీ ఆమె గీతలమ్మ. ఆ పేరు పెట్టింది వార్డు ఆయా. మూడు నెలల కింద ఆడపడుచు ఈ గదిలోకి వచ్చాక, లెక్కల్లో చుక్క తప్పకుండా రాస్తుందని ఆమెను చుక్కలమ్మాయిని చేసింది కూడా ఆ ఆయానే. "ఇంకా మీ ఇంట్లో ఎవరున్నారో పంపించు తల్లీ, పేర్లు పెట్టి పెడతాను" అంటూ ఉంటుంది. గీతలమ్మ నవ్వుతుంది. పెద్దాఫీసు చుట్టూ తిరిగి ఆ పిల్లను చేర్పించింది తనే. నవ్వకపోతే బాగుండదు.

పాత డాక్టరు గడులు లెక్కపెట్టి చెబితే చాలనేవాడు. కొత్తాయన వచ్చిన మొదటి వారమే, "గడులు నాకెందుకమ్మా, అవి కాగితం కొలతలు. గుండె పుట్టించేది కరెంటు. మిల్లీవోల్టుల్లో రాయండి" అన్నాడు. పన్నెండు గడులంటే 1.2 అని గీతలమ్మకు తెలియక కాదు. కానీ చెయ్యి గడులకు అలవాటుపడింది. ఒకనాడు తొందరలో పన్నెండు మిల్లీవోల్టులని రాసేసింది. డాక్టరు ఆ కార్డు పైకెత్తి, "ఇంత గుండె ఏనుక్కయినా ఉంటుందా?" అన్నాడు. నర్సులంతా నవ్వారు. ఆడపడుచు నవ్వలేదు. మర్నాడు పొద్దున వచ్చేసరికి గోడమీద అట్ట ఉంది.

నవ్వినా బాగుండేది.

అన్నిటికంటే ఎక్కువగా మింగుడుపడనిది ఆ పిల్ల చూపు. ప్రతి పేషెంటుకూ గీతలు తీసి, కత్తిరించి, కార్డుమీద అతికించి, కింద మిల్లీవోల్టులు రాసి, కార్డు ఇచ్చేముందు ఒక్క క్షణం తలతిప్పి గీతలమ్మ ముఖంలోకి చూస్తుంది. కనుబొమలు కొంచెం పైకి లేస్తాయి. చూశావా ఎంత తొందరగా అయిపోయిందో అన్నట్టు. రోజుకు ఇరవై మంది పేషెంట్లుంటే ఇరవై సార్లు. గీతలమ్మ కార్డు తీసుకుని, పైనుంచి కిందికి చూసి, డాక్టరుకు వెళ్ళే ట్రేలో పడేస్తుంది. మాట్లాడదు.

సోమవారం మొదటి పేషెంటు ఒక పోస్టుమాన్. తాటిపట్టెలాగా సన్నగా పొడుగ్గా ఉన్నాడు. ఛాతీమీద కండే లేదు. అలాంటివాళ్ళ గుండె గీతలు ఆకాశానికెగురుతాయి. ఒక వరస గీత పై వరసలోకి దూసుకుపోయి రెండూ కలిసిపోయాయి. గీతలమ్మ యంత్రం ఆపి, గీతల ఎత్తు మార్చే నాబును సగానికి తిప్పింది. అప్పుడు మిల్లీవోల్టుకు పది గడులు కాదు, ఐదే. ఒక మిల్లీవోల్టు ఎత్తెంతో చూపే గుర్తు మీట నొక్కింది. ముల్లు పైకి లేచి, కాస్త నిలబడి, కిందికి దిగింది. కాగితంమీద పొట్టి ద్వారబంధంలాంటి గుర్తు పడింది. ఎత్తు ఐదు గడులు. ఆ తర్వాత గీతలు బుద్ధిగా వాటి వరసల్లోనే నడిచాయి. పోస్టుమాన్ కార్డుమీద ‘సగం’ అని పెద్దక్షరాలతో రాసింది. ఇలాంటివి అట్టముక్క చూసి నేర్చుకునేవి కావు. ఆ అట్టమీద సగం సంగతే లేదు. అంటించిన రోజే గీతలమ్మ అది గమనించింది. గమనించి, చెప్పకుండా ఉంచుకుంది.

బయట వరండాలో డాక్టరు గొంతు వినిపించింది.

"కొత్త యంత్రం వచ్చే నెల వస్తోందమ్మా. దానిమీద రెండు వారాల ట్రైనింగు ఉంటుంది. నీ పేరు రాద్దామనుకుంటున్నాను. శుక్రవారంతో ప్రొబేషన్ అయిపోతుందిగా, ఆ కాగితంమీదా సంతకం పెట్టేస్తాను."

"వదిన ఉంది కదండీ."

"ఆవిడ అనుభవం ఆవిడది. ఇది లెక్కలతో పని." తర్వాత ఏదో అన్నాడు. ఇద్దరూ నవ్వారు.

గీతలమ్మ పోస్టుమాన్ ఛాతీమీదనుంచి రబ్బరు బుడగలు ఒక్కొక్కటీ పీకింది. ప్రతిదీ టప్పుమంది. "నెమ్మదమ్మా, అది నా చర్మం" అన్నాడు పోస్టుమాన్. ఆమె కత్తెర, జిగురు తీసుకుని కిటికీ దగ్గరి స్టూలుమీదకు వెళ్ళింది. నాబు సగంలోనే ఉండిపోయింది.

ఆడపడుచు లోపలికి వచ్చి కుర్చీలో కూర్చుంది. ముఖం వెలుగుతోంది. ఆ వెలుగును దాచుకోడానికి కిందికి చూస్తోంది. దాచుకోవడమే గీతలమ్మకు మరింత మంటగా ఉంది.

రెండో పేషెంటు ఒక వడ్రంగి. యాభై దాటిన మనిషి, చెవుల వెనక ఇంకా రంపపు పొట్టు ఉంది. మర్నాడు అతనికి హెర్నియా ఆపరేషను. అంతకుముందు గుండె చూడాలి. వెంట భార్య, చేతిలో మడిచిన దుప్పటి.

"ఇన్ని వైర్లు పెడుతున్నారు, షాకు కొట్టదు కదా?" అన్నాడు.

"మీకు మేం ఇచ్చేదేం లేదండీ. మీ గుండె ఇచ్చేదే మేం కొలుచుకుంటాం" అంది ఆడపడుచు, జెల్లీ రాస్తూ.

"నా గుండె ఇన్నేళ్ళకి ఎవరికో ఒకరికి ఏదో ఇస్తోందన్నమాట. విన్నావా?" అన్నాడు భార్యతో.

"ఊరుకోండి, కదలొద్దన్నారు" అంది ఆమె.

యంత్రం గుర్రుమంది. కాగితం బయటికి జారుతోంది. ఆడపడుచు గుర్తు మీట నొక్కింది. ఒక క్షణం ఆగింది. మళ్ళీ నొక్కింది. తర్వాత గీతలు తీసింది. మధ్యలో వడ్రంగి రెండుసార్లు దగ్గాడు, పొట్టు దగ్గు. ఆడపడుచు కాగితం చింపి, కత్తిరించి, అతికించి, గడులు లెక్కపెట్టింది. నాలుగు. కింద 0.4 మిల్లీవోల్టు అని రాసింది. కార్డు పట్టుకుని తలతిప్పి గీతలమ్మ ముఖంలోకి చూసింది. ఈసారి కొంచెం ఎక్కువసేపు.

గీతలమ్మ కార్డు అందుకుంది. కంటికి మొదట పడిందే ఆ పొట్టి ద్వారబంధం. ఐదు గడులు. ఇంక వేరే ఏదీ చూడనక్కర్లేదు. నాబు సగంలో ఉంది. నాలుగు గడులంటే 0.4 కాదు, 0.8. మామూలు గుండె, నిక్షేపంలాంటి గుండె. పదితో కాకుండా ఐదుతో భాగించాలి, అంతే. ఈ లెక్క ఆమెకు ఇంత తొందరగా ఎప్పుడూ రాలేదు.

మాట నాలుకదాకా వచ్చింది. నాబు వదిలింది తనే. ఆ సంగతి కూడా వెంటనే గుర్తొచ్చింది. కానీ కుర్చీలో ఎవరు కూర్చుంటే వాళ్ళే గుర్తు చూసుకోవాలి. మొదటి వారంలోనే చెప్పింది కదా. లెక్కలతో పని అన్నారుగా. ఆడపడుచు ఇంకా తనవైపే చూస్తోంది. కనుబొమలు పైకి లేచే ఉన్నాయి.

గీతలమ్మ కార్డు ట్రేలో పెట్టింది. ఎప్పటికంటే నెమ్మదిగా, అంచులు సరిచేసి మరీ పెట్టింది. తర్వాత సింకు దగ్గరికి వెళ్ళి చేతులు కడుక్కుని, వచ్చేటప్పుడు దారిలో నాబును పూర్తికి తిప్పేసింది. ఆడపడుచు అప్పుడు తలుపు దగ్గర తర్వాతి పేషెంటును పిలుస్తోంది.

మధ్యాహ్నానికి వార్తొచ్చింది. వడ్రంగి ఆపరేషను ఆగిపోయింది. గుండె గీతలు మరీ పొట్టిగా ఉన్నాయి, పైగా దగ్గు. గుండె చుట్టూ నీళ్ళు చేరి ఉండొచ్చని డాక్టరు అనుమానం. స్కానింగు చేసే ఆయన గురువారం గానీ రాడు. అప్పటిదాకా మంచంమీదే ఉంచి, నీళ్ళు తగ్గే మాత్రలు వేసి, బుధవారం మళ్ళీ ఇసిజి తీయాలన్నాడు. గుర్తు ఎవరి కంటా పడలేదు. అది కార్డు ఎడమ అంచున ఉంటుంది, కేసు షీటు క్లిప్పు సరిగ్గా దానిమీదే పడుతుంది. డాక్టరు కింద రాసిన అంకె చూశాడు.

చూసి ఊరుకోకుండా ఇసిజి గదికి వచ్చాడు.

"నువ్వు మిల్లీవోల్టుల్లో అంత స్పష్టంగా రాయబట్టి ఆగాను. ఉత్త గడులైతే హడావిడిలో పంపించేసేవాణ్ణి" అన్నాడు ఆడపడుచుతో. గీతలమ్మ వైపు తిరిగి, "మంచి పిల్లను తెచ్చారమ్మా" అన్నాడు.

"మాదేముందండీ" అంది గీతలమ్మ. గొంతు తనకే తియ్యగా వినిపించింది. తప్పుకు కూడా మెప్పే. తాను ఒక చుక్క తప్పితే ఏనుగు, ఈ పిల్ల గుండెను సగానికి సగం కోసేస్తే మంచి పిల్ల. ఆ కోపంలో చెప్పాలన్న మాట ఇంకా లోపలికి పోయింది. ఎండిపోయి, గట్టిపడి, ఎక్కడో ఒకచోట కుదురుకుంది.

సాయంత్రం ఇంటికి బయలుదేరేటప్పుడు వార్డు మీదుగా వెళ్ళాలి. వేరే దారీ ఉంది, చుట్టు. ఆమె వార్డు మీదుగానే వెళ్ళింది. ఎందుకు వెళ్ళిందో అడిగితే చెప్పలేకపోయేది. వడ్రంగి దిండ్లకు ఆనుకుని కూర్చున్నాడు. మంచం పక్కన స్టూలుమీద తెల్లగుడ్డ కప్పిన పళ్ళెం. అవసరమైతే సూది వేసి నీళ్ళు తీసే సామాను.

"గీతలు తీసే అమ్మగారు కదూ" అంది భార్య లేచి. "నిజంగా అంత ప్రమాదమా?"

"డాక్టరుగారు చూసుకుంటారు" అంది గీతలమ్మ.

"నేను నీళ్ళు తాగేదే తక్కువ. గుండెదాకా ఎలా వెళ్ళాయో" అన్నాడు వడ్రంగి. భార్య నవ్వలేదు. తెల్లగుడ్డవైపు చూడకుండా ఉండటానికి దుప్పటిని మళ్ళీ మళ్ళీ మడుస్తోంది. గీతలమ్మ సంచీ భుజానికి సర్దుకుని వెళ్ళిపోయింది.

ఇంట్లో భోజనాల దగ్గర అత్తగారు కూతురి కంచంలో కూర రెండోసారి వడ్డించింది.

"మనిషి ప్రాణం నిలబెట్టిందట, డాక్టరే అన్నాడట" అంది.

"అమ్మా, నేనేం చేశాను, లెక్కపెట్టానంతే" అంది ఆడపడుచు. కూర కలపకుండా వేలితో గీస్తోంది. "ఆయనకి ఏమీ కాకపోతే బాగుండును."

"చిన్నప్పుడు ఎక్కాలన్నీ నేనే నేర్పాను దానికి" అన్నాడు గీతలమ్మ భర్త.

"నువ్వా? నీకు ఏడో ఎక్కం ఇప్పటికీ రాదు అన్నయ్యా."

అందరూ నవ్వారు. గీతలమ్మ కూడా నవ్వింది. ఆ నవ్వులో ఆమెకు ఎన్నడూ లేని ఒక హాయి ఉంది. వీళ్ళందరూ కూర్చున్న పీటకు ఒక కాలు విరిగి ఉందని తన ఒక్కదానికే తెలుసు. కావలసినప్పుడు చెప్పొచ్చు, చెప్పకుండానూ ఉండొచ్చు. ఆ అధికారం నోట్లో పెట్టుకున్న కలకండలా కొంచెం కొంచెంగా కరుగుతోంది. అయితే మధ్యలో ఒకసారి తెల్లగుడ్డ కప్పిన పళ్ళెం కనిపించింది. ఆమె మంచినీళ్ళు తాగింది.

మంగళవారం ఆడపడుచు మూడుసార్లు వార్డుకు వెళ్ళొచ్చింది. "మాత్రలకి నీరసపడిపోయాడు వదినా. లేచి నిలబడితే కళ్ళు తిరుగుతున్నాయట" అంది. గీతలమ్మ కార్డులకు జిగురు రాస్తూ, "పెద్ద వయసు కదా" అంది. బుధవారం మళ్ళీ గీతలు తీస్తారు, అప్పుడు నిజం అదే బయటపడుతుంది. అందులో తాను చేయవలసిందేమీ లేదు. నోరు విప్పనక్కర్లేదు, ఎవర్నీ అననక్కర్లేదు. కాగితమే మాట్లాడుతుంది. రెండు రోజులు, అంతేగా. మనిషికేం కాదు. ఇలా తనకు తాను చెప్పుకుంటున్నప్పుడు ఎవరో ఎదురు చెబుతున్నట్టు గొంతు కొంచెం పెద్దదవుతోందని ఆమె గమనించింది.

బుధవారం పొద్దున యంత్రం బల్లను తోసుకుంటూ తనే వార్డుకు వెళ్ళింది. "నేను వెళ్తాలే, నువ్విక్కడ చూసుకో" అంది ఆడపడుచుతో. వడ్రంగి రెండు రోజుల్లో వాడిపోయాడు. ఈసారి వైర్ల మీద జోకు వేయలేదు. భార్య అతని పాదం పట్టుకుని నిలబడింది. గీతలమ్మ నాబు చూసుకుంది. పూర్తి. గుర్తు నొక్కింది. పది గడుల ఎత్తున నిటారుగా ద్వారబంధం. తర్వాత గీతలు లేచాయి, ఎనిమిది గడులు, ఎనిమిది, తొమ్మిది, ఎనిమిది. చక్కగా, ఒకదాని వెనక ఒకటి.

"ఎలా ఉందమ్మా?" అంది భార్య.

"డాక్టరుగారికి చూపించాలి."

గదికి వచ్చి కార్డుమీద అతికించింది. 0.8 అని రాసింది. చుక్క స్పష్టంగా, నల్లగా పెట్టింది. కేసు షీటులోంచి సోమవారంనాటి కార్డును క్లిప్పు తీసి బయటికి లాగి, రెండిటినీ పక్కపక్కన బల్లమీద పెట్టింది. నేరుగా డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చు. కానీ ముందు ఈ పిల్ల చూడాలి. చూసినప్పుడు ఆ ముఖం ఎలా మారుతుందో తాను చూడాలి. మూడు రోజులుగా దాచుకున్నది దానికోసమే.

"ఇటు రా" అంది.

ఆడపడుచు వచ్చి వంగి చూసింది. చూపు అంకెలమీదకు పోలేదు. తిన్నగా ఎడమ అంచుకు పోయింది. పది గడుల గుర్తు, ఐదు గడుల గుర్తు. ఆమె చేతిలో ఉన్న దూది కింద పడింది.

"సగం" అంది మెల్లగా. "సగంలో ఉంది."

"అవును."

"అప్పుడే అనుమానం వచ్చింది వదినా. గుర్తు పొట్టిగా అనిపించింది. రెండోసారి కూడా నొక్కి చూశాను. యంత్రం పాతది, ముల్లు పట్టేసిందేమో అనుకున్నా." ఆమె మాటలు వెతుక్కుంటోంది. "నీ వైపు చూశాను. నువ్వు కార్డు తీసుకుని బాగా చూశావు. అంచులు సరిచేసి ట్రేలో పెట్టావు. సరే, వదిన చూసింది కదా, తప్పుంటే చెప్పేది కదా అనుకున్నా. రోజూ అంతేగా. నువ్వు చూసి ట్రేలో పెడితేనే నాకు గుండె కుదుటపడేది."

ఆడపడుచు కళ్ళలో నింద లేదు. నిందకోసమే గీతలమ్మ వెతికింది, దొరకలేదు. రోజుకు ఇరవై సార్లు, మూడు నెలలు. ఆ కనుబొమలు. చూశావా అని కాదు. చూడవా అని. ఇంతకాలం ఆ పిల్ల తన దగ్గర పరీక్షకు నిలబడుతుంటే, తాను ఆమె ఎదుట ఓడిపోతున్నాననుకుంది.

"నువ్వు కూడా గమనించి ఉండవులే" అంది ఆడపడుచు. "రద్దీగా ఉంది ఆ రోజు. కూర్చున్నది నేను, చూసుకోవాల్సింది నేను. డాక్టరుగారికి నేనే చెబుతా. ప్రొబేషన్ పోతే పోయింది. పాపం ఆయనకి ఆ మాత్రలు ఆపించాలి ముందు." రెండు కార్డులూ తీసుకుని తలుపువైపు నడిచింది.

అక్కడితో ఆగితే అంతా గీతలమ్మ అనుకున్నట్టే జరుగుతుంది. ఇంకా బాగా జరుగుతుంది. తాను గమనించలేదని ఆ పిల్లే సాక్ష్యం చెబుతోంది. గీతలమ్మ వరండాలోకి వచ్చేసరికి ఆడపడుచు డాక్టరు గది తలుపు తడుతోంది. వెనకే ఆమె కూడా లోపలికి వెళ్ళింది. కాళ్ళు వెళ్ళాయి, ఆమె ఇంకా తేల్చుకోలేదు.

డాక్టరు రెండు కార్డులూ చూశాడు. గుర్తుమీద వేలు పెట్టాడు. గడులు ఒక్కొక్కటే లెక్కపెట్టాడు.

"క్లిప్పు తీసి చూడాల్సింది నేను కూడా" అన్నాడు చివరికి. "కానీ అమ్మా, గుర్తు చూడకుండా అంకె ఎలా రాశావు? ఐదుతో భాగించాలని తెలియదా?"

"తెలుసండీ. నాదే పొరపా…"

"నాబు సగంలో వదిలింది నేను" అంది గీతలమ్మ.

డాక్టరు తలెత్తాడు.

"దాని ముందు పేషెంటుకు నేనే తిప్పాను. తర్వాత మార్చలేదు. ఈ పిల్ల కార్డు నాకిచ్చింది. గుర్తు సగం ఉందని సోమవారమే చూశాను." ఒక్కో మాటా కాగితంమీద గడి గడికీ లెక్కపెట్టినట్టు బయటికి వస్తోంది. "చూసి, ట్రేలో పెట్టాను."

"చూసి?"

"చూసే."

"ఎందుకు చెప్పలేదు?"

సాకుకు ఆమె దగ్గర రద్దీ ఉంది, కళ్ళజోడు ఉంది, పాత యంత్రం ఉంది. ఏదైనా ఒకటి తీసి చెప్పొచ్చు. "మీరు ఈ పిల్లను మెచ్చుకుంటున్నారని" అంది.

గదిలో ఫ్యాను తిరుగుతోంది. కార్డుల అంచులు లేచి పడుతున్నాయి. ఆడపడుచు మెల్లగా తలతిప్పి గీతలమ్మ ముఖంలోకి చూసింది. ఆ చూపులో ఈసారి అడగడానికి ఏమీ లేదు. తర్వాత తిప్పుకుంది.

డాక్టరు పెన్ను మూత తీసి, మాత్రలు ఆపమని కేసు షీటులో రాశాడు. సోమవారం కార్డును బల్లమీదుగా గీతలమ్మ ముందుకు తోశాడు. ఆమె దానిమీద ‘సగం’ అని రాసి, 0.4 కొట్టేసి, 0.8 వేసి, పక్కన సంతకం పెట్టింది. తేదీ దగ్గర చెయ్యి ఆగింది. సోమవారం తేదీ వేసింది.

"మీ సంగతి నేను తర్వాత ఆలోచించాలి" అన్నాడు డాక్టరు. "గుండె చుట్టూ నీళ్ళున్నాయని ఆయనకు నేను చెప్పాను. లేవని మీరు వెళ్ళి చెప్పండి."

ఆడపడుచు ముందుగా బయటికి వెళ్ళి ఇసిజి గదివైపు మలుపు తిరిగింది. ఆగలేదు. గీతలమ్మ వార్డువైపు ఒక్కతే నడిచింది.

వడ్రంగి కళ్ళు మూసుకుని ఉన్నాడు. భార్య లేచి నిలబడింది. గీతలమ్మ చెప్పింది. గుండె బాగుంది, నీళ్ళు లేవు, యంత్రం సగంలో ఉన్నప్పుడు తీసిన లెక్క అది, పూర్తి లెక్క కాదు. వడ్రంగి కళ్ళు తెరిచాడు. ఛాతీమీద చెయ్యి వేసుకుని, సొంత సామాను తిరిగి దొరికినట్టు తడుముకున్నాడు.

"సగానికి సగం తగ్గించేశారన్నమాట" అన్నాడు. "నేను అలా కొలిస్తే ఇంటికి తలుపు పట్టదు." నవ్వబోయి దగ్గాడు.

భార్య నవ్వుతూ ఏడ్చింది. గీతలమ్మ రెండు చేతులూ పట్టుకుంది. "చల్లని మాట చెప్పావు తల్లీ. ఎవరు తప్పు రాసింది, ఆ చిన్నమ్మాయా? పోనీలే, చిన్నపిల్ల, ఏమనకండి."

"ఆ అమ్మాయి కాదు. నేను" అంది గీతలమ్మ. "సోమవారమే తెలుసు నాకు."

భార్యకు మొదట అర్థం కాలేదు. తర్వాత ముఖంమీద నవ్వు మెల్లగా, చివరలనుంచి ఆరిపోతూ వచ్చింది. చేతులు వదిలేసింది. విదిలించలేదు, తోసెయ్యలేదు, ఎవరివో పొరపాటున పట్టుకున్నట్టు వదిలేసింది.

"సోమవారం సాయంత్రం నువ్వు ఇక్కడే నిలబడ్డావు కదమ్మా" అంది. "ప్రమాదమా అని నేను అడిగాను కదా."

గీతలమ్మ నిలబడే ఉంది. వడ్రంగి భార్య భర్త పక్కన మంచంమీద కూర్చుని, మడిచిన దుప్పటి విప్పి, అతని కాళ్ళమీద కప్పుతోంది. మళ్ళీ తలెత్తి చూడలేదు.